వాన లేని పిడుగు

ఈ ఎండాకాలం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చి, డాక్టరు బస్సు ప్రయాణం వద్దన్నాడని నెల రోజులు మల్కాజ్‌గిరిలో మా ఫ్లాటులోనే ఉండిపోయింది. ఎనభై దాటిన మనిషి. ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతుంటే, బాల్కనీలో కుర్చీ వేసుకొని, కింద తిరిగే కూరగాయల బండి అతనితో మూడో అంతస్తు నుంచే బేరమాడుతూ కూర్చునేది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి దుమ్ము లేచింది. అల్వాల్ వైపు ఆకాశం నల్లబడి మెరవడం మొదలైంది. నేను పరుగెత్తి ఆరేసిన బట్టలు తీస్తుంటే చిన్నమ్మ నవ్వింది. "ఎందుకు ఉరుకుతవ్ సరళా? వాన రాదు. ఉట్టి ఉరుమే. జెర వాసన చూడు, మట్టి వాసన లేదు. గా దినం లెక్కనే ఉన్నది." చేతిలో బట్టలతో అట్లాగే నిలబడిపోయాను. ఆ దినం ఏదో ఇద్దరికీ తెలుసు. "ఇన్ని పుస్తకాలు రాసినవ్ గద, గది రాసినవా?" అంది. లేదన్నాను. "రాయి మరి. నేనుండంగనే రాయి. తప్పు రాస్తే చెప్త."

అప్పుడు మేం సీతాఫల్‌మండిలో ఉండేవాళ్లం. రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులం. నాన్న రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాడు. పొద్దున సైరను మోగితే మా వీధిలో టిఫిన్ డబ్బాల మూతలన్నీ ఒక్కసారే పడేవి. ఆరేసిన తెల్లబట్టల మీద బొగ్గు నుసి వాలేది. అమ్మ దాన్ని ఊది దులిపేది. రుద్దితే మరక పడుతుంది. పదో తరగతి పరీక్షలు రాసిన వెంటనే నాకు కామెర్లు వచ్చాయి. తగ్గాయి గానీ మనిషిని పుల్లలాగా అయిపోయాను. "జెర గాలి మారాలె" అన్నాడు మా వీధి డాక్టరు. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, నల్లమల అడవిలో ఫారెస్టరు. ఆయన దగ్గరికి పంపారు. ఒక పూటంతా బస్సులో, ఇంకో పూట వెదురు లారీలో డ్రైవరు పక్కన కూర్చొని వెళ్లాను. గుట్టలు ఎక్కుతున్నకొద్దీ చెవులు మూసుకుపోవడం, లారీ ఆగినప్పుడల్లా చుట్టూ ఏ చప్పుడూ లేకపోవడం నాకు కొత్త. రైళ్ల మధ్య పెరిగినదాన్ని. నిశ్శబ్దం కూడా వినిపిస్తుందని అక్కడే తెలిసింది.

చిన్నాయన క్వార్టరు పెంకుటిల్లు. చుట్టూ ముళ్లకంచె, వెనక చేదబావి. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది: కిరోసిన్, ఎండబెట్టిన ఇప్పపువ్వు, చిన్నమ్మ దంచే పచ్చిపులుసు కారం, చిన్నాయన ఖాకీ బట్టల గంజి, అన్నీ కలిసి ఒకటే వాసన. చిన్నమ్మ చీకటితో లేచి ముందు బావిలోకి తొంగి చూసేది. ఎన్ని చేతుల లోతులో నీళ్లున్నాయో చూసి, ఆ రోజు ఎన్ని బిందెలు తోడొచ్చో చెప్పేది. ఆ ఏడు మాఘం నుంచీ చుక్క వాన లేదట. చిన్నాయన బూట్లు వేసుకునే ముందు వాటిని తలకిందులు చేసి గడప మీద మూడుసార్లు కొట్టేవాడు, తేళ్ల కోసం. తక్కువ మాట్లాడేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒకరి పని ఒకరు చూసుకుంటూ తిరుగుతుంటే, గిన్నెలు కూడా నెమ్మదిగా కింద పెట్టేవారు. నేను వెళ్లిన వారానికే నా మాటలతో ఆ ఇంట్లో గోల మొదలైంది. చిన్నమ్మకు అది నచ్చింది. రోజూ జొన్నరొట్టె మీద నెయ్యి వేసి, "తిను, సికింద్రాబాద్‌ల నెయ్యి వాసన సుత పీల్చనియ్యరు" అని దెప్పుతూ పెట్టేది.

క్వార్టరు వెనక గుట్ట మీద కర్రలతో కట్టిన ఎత్తైన మంచె ఉంది. ఎండాకాలమంతా అక్కడ ఒక వాచరు కూర్చొని చుట్టూ గుట్టల్లో పొగ లేస్తుందేమో చూడాలి. లేస్తే, చెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టాలి. వాచరు బాలయ్యకు మలేరియా పట్టుకుంది. మంచె మీద వణుకుతూ పడుకున్నవాణ్ణి చూసి చిన్నాయన, "ఇంటికి పో. తగ్గినంక రా" అని పంపేశాడు. ఆఫీసుకు రాస్తే బాలయ్య కూలి ఆగిపోతుందని రాయలేదు. పొద్దున తనే మంచె ఎక్కేవాడు. మధ్యాహ్నం లారీల తనిఖీకి చెక్‌పోస్టుకు పోవాలి. ఆ రెండు మూడు గంటలు నన్ను కూర్చోబెట్టేవాడు. నాకు ఒకటే నియమం. "ఉరుము ఇనబడితే కిందికి దిగు. గీ మంచె మీద ఉండొద్దు. గా రాళ్ల నడుమ ముడుచుకొని కూసో. అర్థమైందా?" అర్థమైందన్నాను. పదిహేనేళ్ల పిల్లకు అంత అడవిని కాపలా కాయమని ఇచ్చారంటే, ఆ గర్వం ముందు కామెర్లు ఎక్కడ నిలుస్తాయి? రోజూ అన్నం తినగానే ఆ నిచ్చెన ఉరుకుతూ ఎక్కేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం గాలి పూర్తిగా ఆగిపోయింది. పడమటి గుట్టల వెనక నుంచి మబ్బు వచ్చింది. నిజంగా నల్లని మబ్బు. దాని అడుగు నుంచి వాన తెర వేలాడుతోంది గానీ, నేల దాకా రావడం లేదు. సగం దారిలోనే ఆవిరైపోతోంది. మొదటి ఉరుము వినిపించింది. నేను దిగలేదు. ఇప్పుడు ఎంత సిగ్గుగా ఉన్నా నిజమే రాయాలి. దిగడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. అంత గొప్ప దృశ్యాన్ని వదిలి రాళ్ల మధ్య ముడుచుకోవడానికి మనసు ఒప్పలేదు. రెండో ఉరుముకు నా చేతుల మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మూడోది ఉరుము కాదు. ఎదురు గుట్ట మీద, కొమ్ముల్లాంటి రెండు రాళ్లున్న చోటికి కొంచెం ఎడమగా, ఒక పెద్ద చెట్టు నెత్తిన తెల్లని గీత దిగింది. ఆ చెట్టు విరగలేదు, పగిలింది. లోపల ఎవరో బాంబు పెట్టినట్టు బెరడు నాలుగు వైపులకూ ఎగిరింది. చప్పుడు నా ఛాతీలో పడింది. కళ్ల ముందు చాలాసేపు ఆ గీత ఆకుపచ్చగా కదులుతూ ఉండిపోయింది. అది పోయి చూపు కుదిరేసరికి, ఆ చెట్టు మొదట్లో దారంలాంటి పొగ లేస్తోంది.

నిచ్చెన ఎట్లా దిగానో తెలియదు. రైలుపట్టాను కొట్టాను. కొడుతూనే ఉన్నాను. చేతులు తిమ్మిరెక్కినా ఆపలేదు. కింద లోయలో చెంచుల పెంట ఉంది, పది పన్నెండు గుడిసెల గూడెం. అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ గొడ్డళ్లు పట్టుకొని వచ్చారు. చిన్నాయన చెక్‌పోస్టు నుంచి ఎవరిదో సైకిలు మీద వచ్చాడు. అప్పటికే దారంలాంటి పొగ తాడంత అయింది, తాడు తెరంత అయింది. నన్ను ఇంట్లో ఉండమన్నారు. చిన్నమ్మ రెండు బిందెలు నీళ్లు నింపి ఒకటి తన నెత్తిన పెట్టుకొని, ఒకటి నా చేతికిచ్చింది. "ఇంట్ల కూసొని ఏం జేస్తది? నడువ్" అంది.

మంటను దగ్గర నుంచి చూడటం అదే మొదలు. అది మన పొయ్యిలో మంట కాదు. నడుము దాకా ఎండిన గడ్డిలో, పరుగెత్తే మేకల మందలాగా, ఒక చోట ముందుకు, ఒక చోట వెనక్కు, ఒక్కసారి పక్కకు దూకుతూ వస్తోంది. వెదురు పొదలకు అంటుకున్నప్పుడు కణుపులు పేలుతుంటే వంద తుపాకులు కాల్చినట్టుంది. మా కాళ్ల మధ్య నుంచి కుందేళ్లు, ఉడుములు పోయాయి. ఒక పెద్ద కణితి దుప్పి నా పక్క నుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, నన్ను చూడను కూడా చూడకుండా దూకిపోయింది. అందరం పచ్చి కొమ్మలు విరిచి కొట్టాం. కొట్టిన చోట ఆరుతుంది, పది అడుగుల అవతల లేస్తుంది. ముక్కుకు తగిలిన కాలిన వాసన నా కనుబొమ్మలదే అని తర్వాత తెలిసింది. భయపడ్డానా? పడ్డాను. కానీ ఆ భయం కింద ఇంకొకటి ఉంది, నోరు తెరిచి అరవాలనిపించేంత సంతోషం. నా ఒంట్లో అంత బలం ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఈదయ్య అనే చెంచు మనిషి అప్పుడు చిన్నాయన దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఆ గుట్ట కిందనే కొండచరియలకు తాళ్లు కట్టుకొని వేలాడి తేనె తీసేవాడు. "సారూ, కొడితె ఆగదు ఇది. బండ్లబాట కాడ మనమే అంటు పెట్టాలె. గాలి తిరుగుతది జూడు. తిరిగినప్పుడు పెడితె రెండు మంటలు ఒకదాన్నొకటి తింటయ్." చిన్నాయన అతని ముఖం చూశాడు. తప్పితే బండ్లబాట ఇవతల పెంట కాలిపోతుంది. "ఎప్పుడు తిరుగుతది?" "నేను జెప్త." అందరం బాట పొడుగునా గడ్డి కోసి శుభ్రం చేసి, వరసగా నిలబడ్డాం. ఈదయ్య తేనె కోసం వాడే గడ్డి కాగడా వెలిగించి పట్టుకొని, కళ్లు మూసుకొని నిలుచున్నాడు. మంట వేడికి మా ముఖాలు బిగుసుకుపోతున్నాయి. ఎవరో చిన్నపిల్లను ఎత్తుకొని వెనక్కి పరుగెత్తారు. అప్పుడు నా మెడ వెనక గాలి చల్లగా తగిలింది. "ఇగ!" అన్నాడు ఈదయ్య. బాట వెంట పరుగెడుతూ అంటించాడు. మేం పెట్టిన మంట మా నుంచి దూరంగా, పెద్ద మంటకు ఎదురుగా నడిచింది. రెండూ కలిసిన చోట తాటిచెట్టంత ఎత్తు లేచి, ఒక్క గుక్క తీసుకొని, పడిపోయాయి. నేను అరిచాను. అందరూ అరిచారు. చిన్నమ్మ ఖాళీ బిందె మీద దరువేసింది. నేనెరిగి ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

పొద్దున్నే చిన్నాయన పై అధికారి, రేంజరు, జీపులో వచ్చాడు. చెడ్డవాడు కాదు, నలిగిన మనిషి. రిపోర్టు రాయాలి, అందులో కారణం అనే గడి నింపాలి. గుట్ట కింద ఈదయ్య తేనె తాడు, సగం కాలిన కాగడా దొరికాయి. "తేనెకని పొగ పెట్టిన్రు, అడవికి అంటుకున్నది. ఏటా గిదే కథ" అన్నాడు. చిన్నాయన, "పిడుగు పడ్డది సార్" అన్నాడు. "పిడుగు పడితె వాన పడాలె గద? నా సర్వీసుల గసొంటిది చూడలే. సరే, ఎవరు చూసిన్రు? వాచర్ చూసిండా?" దానికి జవాబు చెప్పాలంటే చిన్నాయన బాలయ్య లేడని చెప్పాలి. తను చెక్‌పోస్టులో ఉన్నట్టు రిజిస్టరులో సంతకం ఉంది. మంచె మీద ఒక బడిపిల్లను కూర్చోబెట్టానని చెప్పాలి. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదాయన. ఈదయ్యను జీపులో ఎక్కించారు. అతని భార్య గురువమ్మ జీపు వెంట మలుపు దాకా పరుగెత్తింది.

రెండు రోజులు నేను మాట్లాడలేదు. చిన్నాయన నన్ను చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు. అన్నం కలిపి, తినకుండా లేచిపోయేవాడు. నేను చెబితే ఆయన నౌకరి పోతుంది. చెప్పకపోతే, మా అందరి ప్రాణాలు నిలబెట్టిన మనిషి తాళం వేసిన గదిలో ఉంటాడు. మూడో రోజు పొద్దున చిన్నమ్మ నా జడ అల్లుతూ, ఉన్నట్టుండి దువ్వెన ఆపింది. "నువ్వు చూసినవా, లేదా?" "చూసిన." "మరి?" "చిన్నాయన..." "ఆయన సంగతి ఆయన చూసుకుంటడు. నీకు అన్నం పెడుతున్నమని నీ నోరు కొన్నమా?" జడ సగంలోనే ఉంది. రబ్బరుబ్యాండు వేసి, చెప్పులేసుకొని, ఇద్దరం రోడ్డెక్కి వెదురు లారీ ఆపాం. చిన్నాయన కంచె దగ్గర నిలబడి చూశాడు. ఆపలేదు. చెయ్యి మాత్రం కొంచెం ఎత్తాడు.

రేంజరు నేను చెప్పిందంతా విని పెన్నుతో బల్ల మీద తట్టాడు. "ఏ చెట్టో చూపెట్టగలవా?" అన్నాడు. చూపెడతానన్నాను. తీరా ఆ గుట్ట ఎక్కాక ఎటు చూసినా నల్లటి మొద్దులే. అన్నీ కాలినవే, అన్నీ ఒకటే. పాదాల కింద బూడిద ఇంకా వెచ్చగా ఉంది. గంట తిరిగాం. రేంజరు గడియారం చూసుకుంటున్నాడు. చిన్నమ్మ, "మంచె దిక్కు తిరిగి నిలబడు. నువ్వు గాడ కూసున్నవనుకో" అంది. దూరంగా మంచె అగ్గిపెట్టెంత కనిపించింది. కొమ్ముల రాళ్లు వెతికాను. దొరికాయి. అక్కడి నుంచి చూస్తే ఎడమ వైపు, కానీ అటు నుంచి చూసింది ఇటు నుంచి కుడి అవుతుంది! అంతసేపూ తప్పు వైపు వెతుకుతున్నాను. కుడివైపు పరుగెత్తాను. బూడిదలో మోకాళ్ల మీద పడి లేచి పరుగెత్తాను.

అది నల్లమద్ది చెట్టు. పైనుంచి మొదలు దాకా రెండుగా చీలి, కాండం చుట్టూ మెలి తిరిగిన గాడి ఉంది. వేళ్ల దగ్గర నేల నాగలితో దున్నినట్టు లేచిపోయింది. పదిహేను ఇరవై అడుగుల దూరంలో, గడ్డి లేని బండ మీద, మంట చేరని చోట, నా చేయంత పొడవు బెరడు ముక్కలు పడి ఉన్నాయి. కాలనివి, లోపలివైపు తెల్లగా. రేంజరు వంగి ఆ గాడిలో చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా పోయింది. ఒక బెరడు ముక్క తీసి తిప్పి తిప్పి చూశాడు. "ఇది మనిషి జేసేది కాదు" అన్నాడు మెల్లగా. నేను ఏడ్చాను. చిన్నమ్మ నా సగం జడ విప్పి, అక్కడే నిలబెట్టి, పూర్తిగా అల్లింది.

ఆ సాయంత్రమే ఈదయ్యను వదిలారు. చిన్నాయనకు మూడు నెలల సస్పెన్షను, తర్వాత మైదానంలో కలప డిపోకు బదిలీ. ఆ డిపోలోనే రిటైరయ్యాడు. ఎట్లా ఉంది చిన్నాయనా అని ఒకసారి అడిగితే, "ఏముంది, ఆడ చెట్లు నిలబడేవి, ఈడ పండుకున్నయ్" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అడవి మీద బెంగతోనే పోయాడని చిన్నమ్మ అంటుంది. ఆ బెంగలో నా వాటా నాకు తెలుసు. ఇప్పుడు అడవిలో ఎక్కడ నిప్పు లేచినా ఉపగ్రహం చూసి, అక్కడ అడవిని కాసేవాళ్ల ఫోనుకు కబురు పంపుతుందట. వీపున యంత్రం కట్టుకొని ఆకులు ఊదేసి మంట దాటకుండా బాట చేస్తారట. మంచి సంగతే, రైలుపట్టా కొట్టే అవసరం లేదు. కానీ కాలుతున్న చోటు చెప్పినంత సులువుగా అది ఎందుకు కాలిందో ఎవరు చెబుతారు? ఆ గడి నింపడానికి ఇప్పటికీ ఒక మనిషి బూడిదలో నడవాల్సిందే. నా సంగతే చూడండి. ఇప్పుడు ఏ వార్త వచ్చినా పది నిమిషాల్లో ఫోనులో నా అభిప్రాయం పెట్టేస్తాను, ఇంట్లో కూర్చొని. అప్పుడు కళ్లారా చూసిన ఒక్క సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. కానీ చెప్పాక గుట్ట ఎక్కి చూపించాను. రెండింటిలో ఏ సరళ నయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ చెట్టు దగ్గరికి ఇంకోసారి వెళ్లాను. సికింద్రాబాద్ తిరిగి వచ్చే ముందు రోజు, ఈదయ్యను చూడాలని పెంటకు పోయాను. గుడిసె ముందు కూర్చొని కొత్త తాడు పేనుతున్నాడు. వీపు మీద కమిలిన చారలున్నాయి. గురువమ్మే అడిగింది. "చూసినదానివి, రెండు దినాలు ఎందుకు ఊకున్నవ్ బిడ్డా?" దారి పొడుగునా ఏవేవో జవాబులు తయారుచేసుకొని వచ్చాను. అవన్నీ వదిలేసి, "భయమైంది. చిన్నాయన నౌకరి పోతదని" అన్నాను. గురువమ్మ నార పోగులు ఏరి ఈదయ్య ముందు పెట్టింది. సరేనని మాత్రం అనలేదు. ఈదయ్య తాడు పక్కన పెట్టి లేచాడు. "గా చెట్టు నాకు సుత చూపెట్టు" అన్నాడు.

ముగ్గురం గుట్ట ఎక్కాం. ఈదయ్య చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నల్లమద్ది కడుపులో నీళ్లుంటాయని, ఎండాకాలం గాటు పెట్టి తాము తాగుతామని, పిడుగుకు ఆ నీళ్లు ఉడికి చెట్టు పగిలిందని నాకు చెప్పాడు. చీలికలో చెయ్యి పెట్టి కాసేపు ఉన్నాడు. తర్వాత తల ఎత్తి, ఒక్క మబ్బు కూడా లేని ఆకాశాన్ని చూసి, నడుము మీద చేతులు పెట్టుకొని, గుట్టలు మారుమోగేటట్టు అరిచాడు. "చేసింది నువ్వు! దెబ్బలు నాకా? నాకా? ఎందుకురా ఊకున్నవ్? నువ్వన్న జెప్పొద్దా?" గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. ముందు ఆమె, తర్వాత ఈదయ్య, చివరికి నేను, ఆ బూడిదలో కూలబడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. నవ్వి నవ్వి అలసిపోయాక గురువమ్మ లేచి, తన చీర దులుపుకొని, నన్ను లేపడానికి చెయ్యి చాచింది.